'నోబడీ నోస్' చూసేను, ఆ తల్లి మీద కోపం రావట్లేదు. మా అమ్మకి చూపించొచ్చంటారా?

లంకపిల్ల:

అందరికీ నమస్తే అండి. సినిమా గురించి అడుగుదామనే మొదలెట్టేను గానీ మధ్యలో సొంత గోల బోల్డంత వస్తది, ఓపికున్నోళ్ళే చదవండి. కథ మొత్తం చెప్పేస్తున్నాను, చూడాలనుకున్నోళ్ళు ఇక్కడే దిగిపోండి.

మాది రాజోలు దగ్గర లంక. జాకెట్లు కుడతాను. మిషనుకి ఫోను ఆనించుకుని ఏదో ఒకటి చూస్తా కుట్టుకోవడం అలవాటు. మా పెద్ద తమ్ముడు హైదరాబాదు నించి ఈ జపాన్ సినిమా పంపి "అక్కా, ఇది కుట్టుకుంటా చూసేది కాదు, మిషను ఆపి చూడు" అన్నాడు. నేను ఆపలేదు. అరగంటకల్లా ఒక పెళ్ళికూతురి జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టేసేను. అది విప్పుకుని, మిషను మీద గుడ్డ కప్పేసి, అప్పుడు కూచున్నాను.

2004లో వచ్చింది, తీసినాయన హిరొకాజు కొరెఎదా. టోక్యోలో ఒకావిడ, నలుగురు పిల్లలు, నలుగురికీ తండ్రులు వేరు. అద్దింట్లో దిగేటప్పుడు ఒక్క కొడుకే అని చెప్తది. చిన్నోళ్ళిద్దరూ సూట్‌కేసుల్లోంచి బయటికొస్తారు. బయటికి పోకూడదు, గట్టిగా అరవకూడదు, బడి లేదు. పెద్దోడు అకిరాకి పన్నెండేళ్ళు. వాడొక్కడే బజారుకెళ్ళి సరుకులు తెచ్చి, వండి, లెక్కలు రాసుకుంటాడు. ఓ రోజు తల్లి కొంచెం డబ్బు, ఒక చీటీ పెట్టి వెళ్ళిపోద్ది. మధ్యలో ఓసారి వస్తది. మళ్ళీ వెళ్తా, క్రిస్మస్‌కల్లా వచ్చేస్తానంటది. రాదు. కొత్త సంవత్సరానికి అక్కడ పిల్లలకి కవర్లో డబ్బులు పెట్టి ఇస్తారంట. అకిరా కొట్లో పనిచేసే అమ్మాయి చేత కవర్ల మీద పేర్లు రాయించి, అమ్మ పంపిందని తమ్ముడికీ చెల్లెళ్ళకీ ఇస్తాడు. పెద్ద చెల్లెలు మాత్రం పాత కవరు పక్కన పెట్టుకుని చూస్తది. రాత వేరు. ఏమీ అనదు.

నేను అక్కడ ఆపేసేను. ఆ రోజుకి ఇంక చూళ్ళేదు.

ఎందుకంటే చెప్తాను. మా నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. 1996 నవంబరు 6 తుఫానుకి మా వైపు తోటలకి తోటలు పడిపోయేయి. కొత్త మొక్క వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు, అప్పటిదాకా దింపేదేముంది? నాన్న పనికని కాకినాడ వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టేడు. దాని గురించి ఊళ్ళో ఎవరూ పెద్దగా ఏమీ అనుకోలేదు. అమ్మ లేసు అల్లేది. కంటి చూపంతా దారం కట్టల్లో పోసినా ఉప్పూ పప్పుకే సరి. 1998 ఆగస్టులో అమ్మ కువైట్ వెళ్ళింది, ఇంటిపనికి, నెలకి 35 దినార్లు. అప్పుడు దినారు నూట ముప్పై, నూట నలభై రూపాయలుండేది. దీనికి మాత్రం ఊరు ఊరంతా అనుకుంది.

నాకప్పుడు పదకొండు. పెద్దోడికి ఎనిమిది, చిన్నోడికి నాలుగు. మా అమ్మమ్మ దగ్గర ఉన్నాం. అమ్మ వెళ్ళిన వారానికి నా పుట్టినరోజు. అమ్మమ్మ చేతిలో పైసా లేదు, ఎలా తెప్పించిందో తెలీదు, రాజోలు బేకరీ నించి గులాబీరంగు పువ్వున్న కేకు వచ్చింది. దాని మీద పువ్వు ఎవరికీ పెట్టకుండా నేనే తినేసేను. ఇప్పటికీ గుర్తు.

అప్పట్లో ఎవరైనా సెలవుకొస్తే వాళ్ళ చేత అమ్మ కేసెట్టు పంపేది. ఉత్తరాలు రాయడం రాదు గదా, మాట్లాడి పంపేది. "చిన్నోడా, అన్నం తిన్నావా" అని అడిగి, జవాబు కోసం ఆగేది. ఆ ఆగడంలో ఫ్యాను చప్పుడు వినపడేది. చిన్నోడు ఆ సందులో "తిన్నానమ్మా" అనేవాడు. ఓ ఏడాది ఎవరూ రాలేదు, కేసెట్టూ రాలేదు. చిన్నోడు జ్వరంతో పడుకుని అమ్మ కావాలని ఒకటే గొడవ. నేను పాత కేసెట్టు తీసి, కొత్తది వచ్చిందిరా అని పెట్టేను. ఆ కేసెట్లో ఒకచోట అమ్మ మాట్లాడతా ఉండగా దూరంగా మసీదులో అజా వినపడుద్ది. అది రాగానే వాడు దుప్పట్లోంచి తల బయటపెట్టి "ఇది పాతదే అక్కా" అన్నాడు. అని, మళ్ళీ అమ్మ అడిగిన చోట "తిన్నాను" అన్నాడు.

ఇప్పుడు నా ప్రశ్నలు. ఆ సినిమాలో తల్లి నవ్వుతా ఉంటది, చిన్నపిల్లలా మాట్లాడతది, కూతురికి గోళ్ళరంగు వేస్తది. చూసిన ప్రతివాళ్ళూ ఆవిణ్ణి తిట్టేరంట. మా తమ్ముడూ తిట్టేడు. నాకు కోపం రాలేదు, ఆవిడ ఎప్పుడొస్తదా అని చూస్తా కూచున్నాను, ఆఖరిదాకా. ఇదేం మనస్తత్వమో తెలీట్లేదు.

రెండోది. అమ్మ 2016లో వచ్చేసింది. నా దగ్గరే ఉంటది. సాయంత్రం సీరియల్ చూస్తా మళ్ళీ లేసు అల్లుతా ఉంటది. ఆవిడకి ఈ సినిమా చూపించాలని ఉంది. సతాయించడానికి కాదు. కాదనే అనుకుంటున్నాను. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో ఉన్నాయి, ఆపి ఆపి నేనే చెప్పాలి. చివర్లో చిన్నపిల్ల చనిపోతే సూట్‌కేసులో పెట్టి తీసుకెళ్తారు గదా. మా ఇంట్లో అటక మీద అమ్మ సూట్‌కేసు ఇంకా ఉంది, తాడు కట్టి, పేరూ ఊరూ పెద్ద అక్షరాలతో మార్కరు పెన్నుతో రాసి. అదొక్కటే భయం. చూపించొచ్చంటారా?

సినిమా పురుగు:

లంకపిల్ల గారూ, ఈ సినిమా గురించి మన దగ్గర మాట్లాడేవాళ్ళు దొరకడమే అరుదు. అందుకని కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

మీకు కోపం రాకపోవడానికి సగం కారణం దర్శకుడే. ఆయన టీవీ డాక్యుమెంటరీల నుంచి వచ్చినవాడు. దీనికి ఆధారం 1988లో టోక్యోలోని సుగామోలో బయటపడిన నిజమైన కేసు. పిల్లల పుట్టుకలే ఎక్కడా నమోదు కాలేదు, కాగితాల ప్రకారం వాళ్ళు లేరు. నిజంగా జరిగింది సినిమాలో కంటే చాలా ఘోరం. పత్రికలన్నీ ఆ తల్లిని రాక్షసిని చేసి రాస్తే, ఈయన మాత్రం ఆ ఇంటి తలుపు లోపల పిల్లలు ఏం చేసి ఉంటారు, ఏం ఆడుకుని ఉంటారు అని ఆలోచించాడు. కెమెరా ఎప్పుడూ పిల్లల దగ్గరే ఉంటుంది. తల్లి ఎక్కడికి వెళ్ళిందో, ఎవరితో ఉందో మనకి చూపించరు. కాబట్టి మనమూ వాళ్ళతోపాటే గుమ్మం వైపు చూస్తాం. మీరు ఎదురుచూశానన్నారే, సినిమా కట్టిందే అలా.

తీసిన పద్ధతి ఇంకా బావుంటుంది. పిల్లల చేతికి స్క్రిప్టు ఇవ్వలేదు, సెట్లో ఆ పూటకి మాట చెవిలో వేసేవాడు. ఇంచుమించు ఏడాది పాటు, కథ నడిచిన వరసలోనే తీశారు. అకిరా వేసిన యూయా యగిరా ఆ ఏడాదిలో నిజంగానే పొడుగయ్యాడు, గొంతు మారింది. 2004 కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వాడికే ఇచ్చారు, పద్నాలుగేళ్ళకి. ఆ బహుమతి అంత చిన్న వయసులో అందుకున్నవాళ్ళు ముందు లేరు.

చూపించాలా వద్దా అంటే, ఒక పని చేయండి. నూడుల్స్ కప్పుల్లో పిల్లలు మొక్కలు వేసుకునే దాకా చూపించి ఆపండి. అంతవరకూ సినిమాలో ఆట కూడా ఉంది. ఆ తర్వాత మీ ఇష్టం.

గోదారిగట్టు:

పిల్లల్ని వదిలేసి పోయినదాన్ని సమర్థించే సినిమాకి బహుమతులు, దానికి మళ్ళీ ఇక్కడ భజన. మీ అమ్మగారు మీ కోసం ఎడారిలో గాడిద చాకిరీ చేశారు. ఆవిడకి ఈ తిరుగుబోతుతో పోలికా? చూపించకండి. పాపం.

లంకపిల్ల:

గోదారిగట్టు గారూ, ఇద్దరికీ పోలిక లేదని నాకు ఇప్పుడు తెలుసండి. పదకొండేళ్ళప్పుడు ఎవరూ చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళయితే అప్పుడు మా అమ్మని మీరు ఇప్పుడన్న మాటే అన్నారు. ఫోను బూతు దగ్గర నించుని విన్నాను.

ఆ బూతు సంగతి పైన రాయలేదు. ఊరి సెంటర్లో ఎస్టీడీ బూతు ఉండేది. నెలకో శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి అమ్మ ఫోను, అక్కడ నాలుగు గంటలన్నమాట, వాళ్ళ మేడమ్ పడుకునే వేళ. ముగ్గురం తల దువ్వుకుని ఐదింటికే వెళ్ళిపోయేవాళ్ళం. బల్ల మీద పదిమంది కూచుని ఉండేవోరు. మూడు నిమిషాలు. చిన్నోడు ఫోను పట్టుకుంటే మాట వచ్చేది కాదు, బూతాయన "మాట్లాడరా, మీటరు తిరుగుతుంది" అనేవోడు. ఓసారి నేను "అమ్మా, నాకు" అని ఆగిపోయేను. పెద్దమనిషినయ్యేనని చెప్పాలి. వెనకాల పదిమంది. "నాకు పరీక్షలు" అన్నాను.

ఆ సినిమా పేరుకి అర్థం ఎవరికీ తెలీదు అనంట. మా సంగతి అందరికీ తెలుసు. అమ్మ డీడీ ఎంతకి వచ్చిందో పోస్టుమేన్ నించి కల్లు దుకాణం దాకా తెలుసు. ఇన్నాళ్ళూ అదే సిగ్గుగా ఉండేది. సినిమా చూసేకే అనిపించింది, తెలిసీ ఎవరూ ఏమీ అడగలేదు గదా అని.

సాల్మియా డ్రైవరు:

అక్కా, మాది సఖినేటిపల్లి అవతల. కువైట్లో హౌస్ డ్రైవర్ని, పన్నెండో ఏడు. మీరు చెప్పేరని సినిమా మొదలెట్టేను. ఎక్కడ చూసేనో తెలుసా, స్కూలు గేటు ముందు బండాపుకుని. మా కఫీల్, అంటే యజమాని, పిల్లలు ముగ్గుర్నీ మధ్యానం తీసుకురావాలి. సినిమాలో పిల్లలు తలుపు దగ్గర చెవి పెట్టుకుని అడుగుల చప్పుడు ఇంటా ఉంటే, ఈళ్ళు వెనకాల తలుపు తీసి బేగులు విసిరేసేరు. ఫోను కింద పడేసుకున్నాను.

ఒక మాట చెప్తాను, తప్పయితే ఒగ్గెయ్యండి. క్రిస్మస్‌కి రాకపోవడం ఆ జపానావిడికి ఇష్టం. మీ అమ్మగారికి కాదు. ఇంటిపనోళ్ళం ఇరవై నంబరు వీసా మీదుంటాం. పాస్‌పోర్టు చాలా ఇళ్ళల్లో యజమాని బీరువాలోనే. ఆవిడ ఎల్లిన రోజుల్లో వారానికో రోజు సెలవివ్వాలని ఇంటిపనోళ్ళకి ఏ చట్టమూ లేదు. 2015లో వచ్చింది, రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో సెలవు, ఏడాదికి జీతంతో నెల సెలవు అని. మరుసటేడు కనీస జీతం 60 దినార్లు అన్నారు. మీ అమ్మగారు అప్పుడే గదా తిరిగొచ్చేసేరు. అంటే పదిహేడేళ్ళు ఆవిడ ఆ చట్టం లేని రోజుల్లోనే గడిపేసేరు. ఇచ్చే ఇళ్ళు ఇస్తాయి, ఇవ్వని ఇంట్లో అడిగేవోడే లేడు. గడప దాటితే ఖల్లివల్లీ కేసు, పారిపోయిందంటారు. రెండేళ్ళకో టిక్కెట్టు. పండగ నాడు పడాలంటే మన చేతిలో లేదు.

మీరు కేసెట్టు గురించి రాసింది చదివి మా ఇంటికి ఫోను చేసేను. మా పాప ఏడో తరగతి. ఇప్పుడు అన్నీ వీడియో కాల్సే గదా, కేసెట్లూ బూతులూ ఏం లేవు, రోజూ చూసుకుంటాం అని గొప్పగా చెప్పుకుంటాం. మా పాప ఏం చేస్తదంటే ఫోను మంచినీళ్ళ గ్లాసుకి ఆనించి పెట్టి హోంవర్కు రాసుకుంటది. నేను అరగంట దాని పాపిడి చూస్తా కూచుంటాను. మధ్యలో "ఉన్నావా నానా" అంటది. "ఉన్నానమ్మా" అంటాను. అంతే. మా ఆవిడ "ఛార్జింగు అయిపోతంది, పెట్టెయ్యండి" అంటది.

అమ్మగారికి చూపించండి అక్కా. ఆవిడ చూసినన్ని మీరూ నేనూ చూళ్ళేదు.

పాలకొల్లు మాస్టారు:

రిటైర్డ్ ఎస్జీటీని. సినిమాలు పెద్దగా చూడను, మా మనవరాలు పక్కన కూర్చుని ఇంగ్లీషు చదివి చెబితే రెండు రాత్రుళ్ళు చూశాను.

లంకపిల్ల గారు తెలిసీ ఎవరూ ఏమీ అడగలేదన్నారు. దానికి జవాబు చెప్పవలసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మీ ఊరు నాకు తెలియదు, మీరెవరో తెలియదు. కానీ నా తరగతిలో ప్రతి ఏడూ అలాంటి పిల్లలు ఏడుగురో ఎనిమిదిమందో ఉండేవారు. స్టాఫ్ రూములో వాళ్ళకి ఒకటే పేరు, కువైటు పిల్లలు. ఎవరి పిల్లలు అంటే కువైటు పిల్లలు. బట్టలు అందరికంటే బాగుండేవి, పౌడరు వాసన వచ్చేది, తలలో పేలు.

అప్పట్లో హాజరు 80 శాతం ఉంటే పిల్లకి నెలకి 3 కిలోల బియ్యం ఇచ్చేవారు. బళ్ళో వండిపెట్టడం మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. ఆ ముందు రోజుల్లో మధ్యాహ్నం గంట కొట్టాక ఇంటికి వెళ్ళకుండా వేపచెట్టు కింద కూర్చునే పిల్లల్ని చూశాను. తిని వచ్చేశామండీ అనేవాళ్ళు. వెళ్ళందే ఎలా వచ్చేశారు అని నేను అడగలేదు.

ఒక ఆడపిల్ల, పేరు చెప్పను, ప్రోగ్రెస్ రిపోర్టు మీద తల్లి సంతకం తనే పెట్టి తెచ్చేది. మొదటి యూనిట్ టెస్టుకి అక్షరాలు వణికాయి. అర్ధసంవత్సరానికి బాగా కుదిరింది. వార్షికానికి చూస్తే గీత కింద రెండు చుక్కలు కూడా పెట్టింది, పెద్దవాళ్ళు పెట్టినట్టు. తల్లి మస్కట్‌లో ఉందని నాకు తెలుసు. నేను చూసి, తీసుకుని, కట్టలో పెట్టాను. అది దయ అనుకున్నాను. ఆ సినిమాలో దుకాణం కుర్రాడు వెనక గుమ్మం దగ్గర మిగిలిన అన్నం ముద్దలు ఇచ్చి పంపేస్తాడు చూడండి, సరిగ్గా ఆ మాదిరి దయ. ఒక అమ్మాయి పోలీసులకి చెప్పకూడదా అని అడుగుతుంది గానీ, అలా చేస్తే నలుగురినీ విడదీస్తారని అకిరా ఒప్పుకోడు. నన్నయితే ఆ పిల్ల వద్దని కూడా అనలేదు, నేను అడిగితే కదా.

మీ అమ్మగారికి చూపించడం మీద నా అభిప్రాయం వేరు. డ్రైవరు బాబు చెప్పినట్టు ఆవిడ చాలా చూశారు, నిజమే. అందుకే ఇప్పుడు ఆవిడకి సినిమా చూపించడం కంటే, బూతు దగ్గర ఆగిపోయిన మాట చెప్పడం మంచిదేమో. సినిమా అడ్డం పెట్టుకోకుండా.

లంకపిల్ల:

మాస్టారూ, మీరు రాసింది నాలుగుసార్లు చదివేను. సంతకం నేను కూడా పెట్టేనండి. రెండు చుక్కలు మాత్రం పెట్టలేదు, ఆ తెలివి లేదు నాకు.

మీ మాట కరెక్టే గానీ మా ఇంట్లో ఎవరం అలా సూటిగా మాట్లాడుకోం. ఏదైనా మధ్యలో ఉండాలి, బియ్యంలో రాళ్ళయినా ఏరుతా ఉండాలి. అందుకని నిన్న రాత్రి సీరియల్ అయ్యేక పెట్టేను. ఫోన్లో కాదు, పక్కింటి కుర్రాడి చేత టీవీకి తగిలించి. మాస్టారి మనవరాలి పని నేను చేసేను.

అమ్మ లేసు చేతిలో పెట్టుకునే కూచుంది. సూట్‌కేసులోంచి పిల్ల బయటికొచ్చినప్పుడు నేను అమ్మ వైపు చూసేను. నవ్వింది. "జిప్పు పూర్తిగా వెయ్యలేదులే, గాలాడుద్ది" అంది. తర్వాత ఇల్లంతా కళ్ళతో కొలిచేసింది. ఆ వంటగట్టు ఏటే అంత ఇరుగ్గా, మా మామా వాళ్ళింట్లో గిన్నెలు కడిగే గదే ఇంతుండేది అంది. మామా అంటే అక్కడ మేడమ్. ఆ ఇంట్లో 1999లో ఒక పిల్ల పుట్టింది, పుట్టినరోజు నించీ అమ్మే పెంచింది. ఆ పిల్ల పాలు ఎంత వేడి మీద తాగేదో, ఏ పక్కకి తిరిగి పడుకునేదో ఇప్పటికీ చెప్తది. ఆ పిల్ల పెళ్ళి ఫోటో అమ్మ ఫోన్లో ఉంది. నా చెవికి చీము పట్టి ఆపరేషను దాకా వెళ్ళింది అమ్మకి తెలీదు. ఇది నేను కావాలనే ఎప్పుడూ చెప్పలేదు, ఇక్కడ రాస్తుంటే ఎందుకు దాచేనా అనిపిస్తుంది.

గోళ్ళరంగు ఒలికి నేల మీద మరక పడుద్ది గదా. అది చూసి అమ్మ సూది ఆపేసింది. నాకు గుండె దడదడ. అమ్మ మొదటిసారి పంపిన పెట్టెలో నాకూ ఎర్ర గోళ్ళరంగు సీసా వచ్చింది, అమ్మ వచ్చి వెయ్యాలని దాచుకున్నాను, అది గడ్డకట్టిపోయింది. అది గుర్తొచ్చిందేమో అనుకున్నాను. అమ్మ ఏమందంటే, "దాన్ని గుడ్డ పెట్టి రుద్దకూడదే, పాముకుపోద్ది. అసిటోను దూదికి పెట్టి అంచు నించి లోపలికి అద్దాలి. పిల్లకెవరు చెప్తారు" అని. మళ్ళీ అల్లడం మొదలెట్టింది.

తల్లి క్రిస్మస్‌కి వస్తానని వెళ్ళిపోయే దగ్గర అనువాదం చెప్పలేకపోయేను. కొంచెంసేపు ఊరుకున్నాను. చెప్పకపోయినా అర్థమైపోయింది. అకిరా కేకుల కొట్టు దగ్గర నించుని, ధర తగ్గించేదాకా ఆగి కేకు కొనుక్కెళ్తాడు. అప్పుడు అడిగింది, "నెలనెలా పంపిందా ఆవిడ డబ్బులు?"

"లేదమ్మా. ఎప్పుడో ఓసారి. సరిపోలేదు."

"నేను ఒక్క నెల ఆపలేదు."

"ఆపలేదమ్మా."

ఇంకో రెండు వరసలు అల్లింది. "ఆ పిల్లోడికి పన్నెండేళ్ళంటన్నావు. నేనెల్లేటప్పటికి నీకెన్ని?"

"పదకొండు" అన్నాను. అందరికీ అదే చెప్తాను, మీకూ అదే రాసేను.

"పదకొండు కాదు, పది. పదకొండుకి వారం తక్కువ. ఆ వారం ఆపమని ఏజెంటు కాళ్ళు పట్టుకున్నాను, టిక్కెట్టు అయిపోయిందన్నాడు. రాజోలులో బస్సు మార్చేటప్పుడు దిగి బేకరీలో డబ్బులు కట్టేసి ఎల్లేను. రోజా పువ్వు పెట్టమని చెప్పేను. తెచ్చిచ్చేడా, లేదా వాడు?"

అమ్మమ్మ పోయి పదకొండేళ్ళు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. పువ్వున్న కేకు వచ్చిందని చెప్పేను. పువ్వు నేనే తినేసేనని కూడా చెప్పేను. "మరి తమ్ముళ్ళకి పెట్టలేదా?" అని కోప్పడింది.

సినిమా అక్కడే ఆగి ఉంది, టీవీలో అకిరా కేకు పట్టుకుని. పొద్దున్న అమ్మ "ఆ పిల్లలది మిగతాది ఈ రాత్రికి పెట్టు, చిన్నది ముద్దుగా ఉంది" అంది. ఇంకా గంట పైనే ఉంది. సూట్‌కేసు దగ్గర ఏం చెయ్యాలో తెలీట్లేదు, ఎవరైనా సాయంత్రంలోపు చెప్పండి.